ఉయ్యాలకు నాలుగు గుంతలు

"బాపూ, ఉయ్యాలను తోలుకొస్తున్న! పార్కు గేటు తాళం తీసి పెట్టు!"

శంషాబాద్‌లో వెల్డింగ్ షాపు ముందు నిలబడి నేను ఫోన్లో వేసిన కేక ఇది. పక్కన చాయ్ తాగుతున్న మనిషి ఉలిక్కిపడి చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. నా గొంతు అంతటిది. మా బాపు బుచ్చయ్య చెవులకు అదీ చాలదు. ఒకప్పుడు బాగానే వినేవాడు. రెండువేల ఎనిమిదిలో మా నెత్తిమీద విమానాలు ఎగరడం మొదలయ్యాక, పోయే ప్రతి విమానమూ ఆయన వినికిడిని కొంచెం కొంచెం మూటగట్టుకుని పోయింది. ఆ రోజు కూడా ఆయన ఫోన్ చెవికి పెట్టుకున్నప్పుడు పైన ఒక విమానం ఉంది. నా మాటను ఇద్దరూ కలిసి విన్నారు. విమానం ఏమని విన్నదో తెలియదు గాని, బాపు మాత్రం ఉయ్యాలను వియ్యాల చేసుకున్నాడు. వియ్యాలవాళ్లను వెంటపెట్టుకుని వస్తున్నాననుకున్నాడు.

"రానీ బిడ్డా, రానీ. ఎప్పటికైనా తప్పదాయె. గేటు బార్లా తెరుస్త. ఊడ్పిస్త, నీళ్లు చల్లిస్త," అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకుని నేను ట్రాలీ ఆటోకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాను. ఏళ్ల తరబడి ఎవరు బతిమిలాడినా ఆ తాళం తియ్యని మనిషి ఒక్క కేకకు ఒప్పుకున్నాడే అనుకున్నాను. ఆయన దేనికి ఒప్పుకున్నాడో నాకు తెలియదు. నేను దేనికి ఏడ్చానో ఆయనకు తెలియదు.

అది ఏ గేటో, ఆ తాళం కథేమిటో చెప్పాలంటే ముందు మన్ను సంగతి చెప్పాలి.

మన్ను నా మనవరాలు. అసలు పేరు మన్విత. మన్ను చేసింది నేనే. భూమి అమ్ముకున్నవాడికి ఇంట్లో ఏదో ఒక మన్ను ఉండాలి గదా! ఎయిర్‌పోర్టు పుట్టిన ఏడాదే ఇదీ పుట్టింది. ఎయిర్‌పోర్టుకు ఆడుకోవడానికి మూడు నాలుగు ఊళ్ల నేల దొరికింది. మన్నుకు మాత్రం మన్ను దొరకలేదు. వాళ్ల నాన్న మస్కట్‌లో ఉంటాడు. వాళ్లమ్మ, అంటే నా బిడ్డ ప్రియదర్శిని, ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీ చేస్తుంది. పిల్ల నా దగ్గరా, నా భార్య నిర్మల దగ్గరా పెరిగింది.

ఆ ఎండాకాలం మన్ను వాళ్ల నానమ్మ ఇంటికి వనస్థలిపురం పోయింది. ఆ ఇంటికి ఎదురుగానే పార్కు. ఉయ్యాలలు, జారుడుబండ, మెత్తటి ఇసుక. తిరిగివచ్చిన పిల్ల మా గడప మీద నిలబడి మొదట అడిగిన మాట: "తాతా, మన పార్కేది?"

"మనకు ఎయిర్‌పోర్టున్నది గద బిడ్డా."

"అండ్ల ఊగొచ్చా?"

వెనకే మా వియ్యపురాలు స్వరాజ్యం ఫోన్ చేసింది. చాలా మర్యాదగల మనిషి. మర్యాదగా చెప్పింది గనకే మరింత గుచ్చుకుంది.

"అన్నా, ఏమనుకోకుండ్రి. పిల్ల ఈడుంటే నవ్వుకుంట ఉంటది. ఆడ దానికేమున్నది చెప్పుండ్రి, నాలుగు గోడలు, ఒక టీవీ. బడి తెరిచినంక ఈడనే చేర్పిస్తం. కోడలు సెలవు దొరికినప్పుడు వచ్చి పోతది."

"బడులు తెరిచేలోపట మంచి పార్కు చూపిస్త చెల్లె," అన్నాను. "చూపియ్యకపోతే మీరే తోలుకపోండ్రి. నేను నోరెత్త."

నేను నోరెత్తననడం విని నిర్మల వంటింట్లోంచి నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మర్నాటి నుంచి మన్నును బండి ముందు నిలబెట్టుకుని పార్కు వేటకు బయలుదేరాను. మొదలు ఎయిర్‌పోర్టు రోడ్డు. ఏం పచ్చిక, ఏం పచ్చిక! పిల్ల బండి దిగి దాని మీద కాలు పెట్టిందో లేదో ఒక సెక్యూరిటీ మనిషి ఈల ఊదుకుంటూ వచ్చాడు.

"గడ్డి మీద నడువొద్దు!"

"నడుస్తలేదన్నా, ఆడుకుంటది."

"ఆడుకునుడు గూడ వద్దు. ఇది చూసే గడ్డి."

పశువులు మేసే గడ్డి నాకు తెలుసు. కప్పు మీద వేసే గడ్డి తెలుసు. చూసే గడ్డిని అప్పుడే చూశాను. గడ్డి ఉన్నచోట గద్దింపు ఉంది, గద్దింపు లేనిచోట గడ్డే లేదు. ఆ పక్కన కార్లు నిలబడటానికి మాత్రం ఎంత చోటో! మాకు పార్కులు లేవు, పార్కింగులున్నాయి.

కొత్వాల్‌గూడ వైపు పోయాం. హిమాయత్‌సాగర్ గాలి హాయిగా ఉంది. మన్ను చెప్పులు విప్పబోయింది. కింద చూస్తే అంతా పగిలిన సీసాలు. చెప్పులతోనే వెనక్కి తెచ్చాను. మామిడిపల్లిలో బడి మైదానం దొరికింది. సెలవుల్లో తాళం, సెలవులు లేనప్పుడు పాఠం. పహాడీ షరీఫ్ గుట్ట కింద పిల్లలు పెద్ద బండ మీంచి ప్లాస్టిక్ సంచులు వేసుకుని జారుతున్నారు. మన్ను కూడా జారింది. నవ్వుతూ జారి, ఏడుస్తూ లేచింది. ఆ మోకాళ్లు చూసి నిర్మల అన్నది: "పార్కు చూపియ్యమంటే దవాఖాన చూపిచ్చుకొచ్చినవా?"

ఔటర్ రింగు రోడ్డు పక్కన ఒక పెద్ద గేటు సందులోంచి ఎర్రటి జారుడుబండ కనిపించింది. గేటెడ్ కమ్యూనిటీ అట. కమ్యూనిటీ లోపలివాళ్లకు, గేటు మాకు. ఊచలు పట్టుకుని మన్ను చూస్తూ నిలబడింది. ఎంతసేపు పిలిచినా రాలేదు. చివరికి వాచ్‌మన్‌కే జాలి కలిగి ముఖం అటు తిప్పుకున్నాడు. గేటు మాత్రం తిప్పలేదు.

ఇక మిగిలింది ఫంక్షన్ హాలు. అక్కడి పచ్చిక మూలన పిల్లల కోసం జారుడుబండ ఉందని తెలిసి, ఒక సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, మన్నుకు పట్టు లంగా కట్టించి, ఎవరిదో పెళ్లికి పోయాం. పిల్ల కడుపునిండా జారింది. ఇంతలో పెళ్లికొడుకు మేనమామ వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరు ఎవల తరఫు?"

"జారుడుబండ తరఫు."

ఆయన నవ్వి, మాకు భోజనం కూడా పెట్టించాడు. మంచి మనిషి. గాని ఆ తరువాత మూఢం వచ్చింది. పెళ్లిళ్లు ఆగిపోయాయి. హాలుకు తాళం పడింది. జారుడుబండకు కూడా మూఢమే.

ఇన్ని ఊళ్లు తిరిగిందీ, మా ఇంటి పక్కనే ఒక పార్కు ఉండగా! దానికి గోడ ఉంది. గోడ మీద ఏనుగు బొమ్మ ఉంది. ఏనుగు పక్కన 'పిల్లల పార్కు' అని నా అంత అక్షరాలున్నాయి. గేటు ఉంది. గేటుకు తాళం ఉంది. తాళంచెవి మా బాపు మొలతాడుకు ఉంది.

అది ఒకప్పుడు మా పొలం. మావాళ్లలో పోయినవాళ్లను సొంత పొలంలోనే పెట్టుకుంటాం. తండ్రిని పెట్టినచోటికి పక్క సాలులోనే కొడుకు నాగలి నడుస్తుంది. మాకు సమాధి అంటే దండం పెట్టుకునే చోటు ఒక్కటే కాదు, పొద్దున్నే సద్దిమూట దించుకునే అరుగు. మా తాత, మా నాయనమ్మ, మా అమ్మ అనంతమ్మ, అందరూ ఆ మూలనే ఉన్నారు. భూమి అమ్మిననాడు బాపు ధర గురించి నోరు విప్పలేదు. ఒక్కటే అడిగాడు.

"మావోళ్లను కదిలియ్యొద్దు."

"అయ్యో తాతా, కదిలిస్తనా? చుట్టూ గోడ కట్టిస్త. గేటు పెట్టిస్త. చెట్లు గూడ పెట్టిస్త," అన్నాడు వెంచరు వేసినాయన.

బాపు ఆయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ పెద్దమనిషి మాట తప్పలేదు. గోడ కట్టించాడు. ఆ గోడనే ప్లాట్లు కొనడానికి వచ్చినవాళ్లకు చూపించి, ఇదే మీ పార్కు అని చెప్పాడు. ఒకటే గోడ. లోపలినుంచి చూస్తే మావాళ్లు, బయటినుంచి చూస్తే ఏనుగు. కాగితం మీద లేఅవుట్, పిల్లల మీద 'లే! అవుట్!' ఎవరి పిల్ల గోడ ఎక్కినా బాపు కట్టె పట్టుకుని ఉరికేవాడు.

కాలనీ సంఘం పెద్ద శాంతయ్య ఎన్నోసార్లు నా దగ్గరికి వచ్చాడు. చర్చిలో పెద్ద, మాట మెత్తన.

"పాండన్నా, మావోళ్లను గూడ మట్టిలనే పెడ్తం. ఆ బాధ నాకు తెల్వదా? గని మా బొందలగడ్డ ముంగట పిల్లల పార్కని ఎవలు రాస్తరు చెప్పు. పిల్లలు ఆడుకుంటరనే మేమంతా ఈడ ఇండ్లు కట్టుకుంటిమి. ముసలాయనకు జర చెప్పరాదు?"

చెప్పాను. బాపుది పెద్ద తెలివైన చెవుడు. అన్నం తినమంటే వినిపిస్తుంది, తాళం తియ్యమంటే వినిపించదు.

బడులు తెరిచే రోజులు దగ్గరికొచ్చాయి. నాకు దారులన్నీ మూసుకుపోయాయి. ఆ పార్కులో ఒక్క ఉయ్యాల ఉన్నా మన్ను నాకు దక్కుతుందనిపించింది. అడిగితే వద్దంటాడు, ఎదురుగా తెచ్చి నిలబెడితే చూద్దాం అనుకుని, నాలుగు కాళ్ల ఇనుప ఉయ్యాల చేయించాను. ఆదివారం దాన్ని ట్రాలీలో ఎక్కించాకే ఆ ఫోన్ చేసింది.

ఇక ఇంట్లో ఏం జరిగిందంటే, బాపు ఫోన్ పెట్టేసి నిర్మలతో అన్నాడట: "పొయ్యి వెలిగియ్యి. వియ్యాలోళ్లు వస్తుండ్రు, పాండుగాడే తోలుకొస్తుండు." పిల్లను తీసుకుపోవడానికేనని నిర్మలకు అర్థమైపోయింది. ఏడ్చుకుంటూ ఉల్లిగడ్డ కోసింది. ఏ నీళ్లు దేనివో ఎవరికీ తెలియలేదు. కోడికూర పొయ్యిమీద పెట్టి, ఎంతమందికి వండాలో తెలుసుకుందామని స్వరాజ్యానికి ఫోన్ చేసింది.

"వదినా, బయలెల్లిండ్రా?"

స్వరాజ్యం అప్పుడు తలకు నూనె పెట్టుకుంటోంది. మేమే పిల్లను పంపడానికి పిలుస్తున్నామనుకుంది. "ఆఁ, బయలెల్లుతున్నం వదినా," అన్నది. నేను ముందూ వాళ్లు వెనకా వస్తున్నామనుకుని నిర్మల బాపుకూ అదే చెప్పింది.

ఇవేవీ తెలియకుండా నేను ట్రాలీలో ఉయ్యాలకు అటు కాలు, ఇటు కాలు వేసి కూర్చుని, పెళ్లికొడుకులా ఊరేగుతూ వచ్చాను.

పార్కు గేటు నిజంగానే బార్లా తెరిచి ఉంది. లోపల ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది. కాలనీ పిల్లలంతా లోపలే ఉన్నారు. మా బాపు ఒడినిండా పుట్నాలూ బెల్లమూ పెట్టుకుని, కట్టె పట్టుకున్న చేత్తోనే పంచుతున్నాడు.

"ఎగురుండ్రి! ఉరుకుండ్రి! జర గట్టిగ ఒర్లుండ్రి! ఏందిరా, తిండి తినలేదా?"

మన్ను మా అమ్మ సమాధి మీంచి మా తాత సమాధి మీదికి దూకుతోంది. గేటు దగ్గర శాంతయ్య నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "పాండన్నా, ప్రార్థనలు ఊరికే పోవు," అన్నాడు.

బాపు ట్రాలీ వైపు చూశాడు. "ఓహో, ఇది గూడ తెచ్చినవా? మంచిగైంది. అసలు పార్కు లెక్కనే కనబడ్తది."

ఆ 'గూడ' దగ్గర నేను ఆగి ఆలోచించాల్సింది. సంతోషంలో ఉన్నవాడికి 'గూడ' ఏం అర్థమవుతుంది?

ఉయ్యాల నిలబడాలంటే నాలుగు కాళ్లకు నాలుగు గుంతలు తవ్వి సిమెంటు పోయాలి. షాపు నుంచి వచ్చిన మనిషి గడ్డపార ఎత్తాడు.

"ఆగు!" అన్నాడు బాపు. "గాడ మా నాయన."

నాలుగడుగులు జరిగారు.

"గాడ మా అవ్వ, మీ నాయనమ్మ. కాళ్లు ఇటు మొకాన ఉంటయ్."

గోడ దగ్గర ఖాళీగా కనిపించిన చోటికి పోయారు. బాపు అక్కడికి వచ్చి నిలబడి, కట్టెతో మెల్లగా నేల తట్టాడు.

"గీడ నీ తమ్ముడు. నెల గూడ నిండలేదు. గింత పిల్లగానికి గద్దె ఎందుకని కట్టలే."

నాకు ఒక తమ్ముడు పుట్టి పోయాడని తెలుసు. ఎక్కడున్నాడో తెలియదు. చెప్పులు విడిచి గోడవారగా పెట్టాను.

బాపు మొత్తం జాగా ఒకసారి తిరిగి చూశాడు. మా అమ్మ పక్కన ఒక్కచోట మాత్రం చదునుగా, శుభ్రంగా ఉంది. రోజూ ఊడ్చినట్టుంది.

"గీడ తవ్వుండ్రి."

"గీడ ఎవలు లేరా బాపూ?"

"ఇప్పటికైతే లేరు," అన్నాడు.

నాలుగు గుంతలూ అక్కడే తవ్వారు. ఆయన ఎన్నేళ్లుగానో తనకోసం దాచుకున్న జాగాలో ఉయ్యాల కాళ్లు దిగాయి. సిమెంటు పోశారు. మన్ను ఎక్కబోతే షాపు మనిషి ఆపాడు. "గట్టిపడాలె పాపా. ఇప్పుడు ఊగితే కాళ్లు కదులుతయ్."

"ఇంకెప్పుడు గట్టిపడ్తది?"

అంతలో గేటు దగ్గర కారు ఆగింది. అందులోంచి మా వియ్యంకుడు శంకరయ్య, వెనక స్వరాజ్యం దిగారు. వాళ్లను చూసి ఆశ్చర్యపోయింది నేనొక్కణ్నే. బాపు ఎదురుపోయి చేతులు జోడించాడు.

"రాండ్రి, రాండ్రి. సూడుండ్రి, మన్నుకు ఎంత పెద్ద పార్కున్నదో!"

స్వరాజ్యం చూసింది. పిల్లలు ఉరుకుతున్నారు, కొత్త ఉయ్యాల మెరుస్తోంది. ఆమె ముఖం విచ్చుకుంది. "మంచిగున్నది అన్నా. మాట నిలబెట్టుకున్నరు," అన్నది. నా గుండె ఉయ్యాలెక్కింది. ఎండకు అలసి, ఆమె ఒక అరుగు మీద కూర్చుని కొంగుతో విసురుకుంది.

మన్ను ఉరుక్కుంటూ వచ్చింది. "నానమ్మా, నువ్వు తాతమ్మ మీద కూసున్నవ్."

"ఎవల మీద?"

"మా తాతమ్మ. అనంతమ్మ. ఆ పక్కన ఆమె అత్త. ఆ గోడకాడ చిన్న తాత, ఆయన పాపనే. ఉయ్యాలున్నది పెద్దతాత జాగ. పెద్దతాత సచ్చిపోతే ఆడ పండుకుంటడంట." అని నా వైపు తిరిగింది. "తాతా, అప్పుడు ఉయ్యాల తీసేస్తరా?"

స్వరాజ్యం లేచి నిలబడింది. చీర దులుపుకోబోయి, అది తప్పుగా ఉంటుందనుకుందేమో, చెయ్యి మధ్యలోనే ఆపుకుంది. సమాధికి దండం పెట్టింది. అరవలేదు. అరిస్తే నేనూ అరిచేవాణ్ని.

"అన్నా, మీ పెద్దోళ్లంటే నాకు భక్తే. గని పసిపిల్ల సమాధుల నడుమ ఆడుకునుడా? రేపు జ్వరమొచ్చినా, కలవరిచ్చినా నా మనసు ఎట్లుంటది? తండ్రి ఆడెక్కడ్నో ఉన్నడు. వానికేం చెప్పాలె?"

"చెల్లె, మాకిది..." అని మొదలుపెట్టాను. మాకిది సద్ది తిన్న అరుగు అని చెప్పాలి. మా పిల్లలంతా ఈ గద్దెల మీదే పాకారు అని చెప్పాలి. ఆ పొలం ఏదీ? ఆ సద్దిమూట ఏదీ? నా దగ్గర ఏ మాటకైనా ఇంకో మాట ఉంటుంది. సమాధికి మాత్రం సమాధానం లేకపోయింది.

ఆమె మన్ను తల నిమిరింది. "పోదామా బిడ్డా?"

మన్ను కొత్త ఉయ్యాల వైపు చూసింది. "మీ ఆడి ఉయ్యాల గట్టిపడ్డదా నానమ్మా?"

"ఎప్పుడో గట్టిపడ్డది."

"అయితే పోదాం," అన్నది అయిదేళ్ల పిల్ల. దాని తప్పేమీ లేదు.

ప్రియదర్శిని డ్యూటీలో ఉంది. ఫోన్ చేసి చెప్పాను. దిండు మరిచిపోవద్దు, ఆ దిండు లేకపోతే నిద్రపోదు అన్నది. నిర్మల బట్టలు సర్దింది. కోడికూరను డబ్బాలో పెట్టి కారులో ఉంచి, నా వైపు తిరిగింది.

"జర ఆగకపోతివా. ఇంకో వారం ఉండేది గద పిల్ల! నీకేం తొందరొచ్చింది, ఆళ్లను తోలుకొస్తున్న అని ఫోన్ చేస్తివి?"

"నేనా? ఎప్పుడు చేసిన?"

"మామకు చేయలే?"

"నేను తోలుకొచ్చింది ఉయ్యాలనే! ఉయ్యాలను తోలుకొస్తున్న అన్న!"

కారు కిటికీలోంచి స్వరాజ్యం తల బయటపెట్టింది. "అంటే మీరు మమ్మల్ని పిలువలేదా? బయలెల్లిండ్రా అని వదిన అడిగితేనే వచ్చినం. మేం బడి తెరిచే ముంగట వద్దామనుకున్నం."

అప్పుడు అందరికీ మొదటినుంచి చెప్పాను. ఫోనూ, విమానమూ, ఉయ్యాలా, వియ్యాలా, గేటూ. చెప్పడం నాకు చేతనవును. శంకరయ్య మొదట నవ్వాడు. తరువాత శాంతయ్య నవ్వాడు. స్వరాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తున్న నిర్మలకు కూడా నవ్వు వచ్చింది. పిల్లలు కారు చుట్టూ తిరుగుతూ "ఉయ్యాలా, వియ్యాలా!" అని అరిచారు. మన్ను వెనక సీట్లో ఎగిరెగిరి నవ్వింది. నా జీవితంలో నేను చెప్పిన ఏ మాటకూ అంతమంది కలిసి నవ్వలేదు. ఆ నవ్వులోనే కారు కదిలింది.

గేటు దగ్గర నిలబడ్డ బాపు ఒక్కడికే ఏమీ అర్థం కాలేదు.

"ఏందంటరా? అందరు ఎందుకు నవ్వుతుండ్రు?"

ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను. ఆ నిమిషాన మాత్రం ఆకాశంలో ఒక్క విమానమూ లేదు.

"నేను చెప్పింది ఉయ్యాల బాపూ! వియ్యాలోళ్లు గాదు! ఉయ్యాల!"

ఈసారి విన్నాడు. కారు పోయిన రోడ్డు వైపు చూశాడు. అమ్మ పక్కన తడి సిమెంటులో నిలబడ్డ ఉయ్యాలను చూశాడు.

"ఆళ్లు వస్తుండ్రని గాదా? ఆళ్లకు పార్కు చూపిస్తే పిల్లను ఇడిచిపోతరని గద నేను తాళం తీసింది."

"తెలుసు బాపూ."

"ఉయ్యాలని ఇనబడితే తియ్యకపోదును గద బిడ్డా," అన్నాడు.